లాగిన్ చిట్టాకు కాపలా ఎవరు?

బియ్యం బస్తా గోదాము గడప దాటినది మొదలు కార్డుదారు చేతిసంచిలో పడేవరకు ప్రతి అడుగునూ కంప్యూటరులో నమోదు చేసే రాష్ట్రంగా ఛత్తీస్‌గఢ్‌కు దేశంలో మంచి పేరున్నది. 2000 నవంబరు 1న మధ్యప్రదేశ్ నుంచి విడివడి, రాయ్‌పూర్ రాజధానిగా ఏర్పడిన ఈ రాష్ట్రం 2004లో ఒక సాహసోపేతమైన నిర్ణయం తీసుకున్నది. చౌకధరల దుకాణాలను ప్రైవేటు డీలర్ల నుంచి తప్పించి పంచాయతీలకు, సహకార సంఘాలకు, మహిళా స్వయం సహాయక బృందాలకు అప్పగించింది. 2007 నుంచి ధాన్యం సేకరణను, బియ్యం పంపిణీని కంప్యూటరీకరించింది. గోదాము నుంచి లారీ బయలుదేరగానే, పేరు నమోదు చేయించుకున్న పౌరులకు సెల్‌ఫోను సందేశం వెళ్లే ఏర్పాటు చేసింది. 2012లో రాయ్‌పూర్ నగరంలో కార్డుదారు తనకు నచ్చిన దుకాణంలో సరుకు తీసుకొనే విధానాన్ని ప్రవేశపెట్టింది. దేశమంతటికీ ఒకే రేషన్ కార్డు అన్న మాట ప్రచారంలోకి రావడానికి చాలా ముందే ఒక నగరం స్థాయిలో ఆ పని జరిగిందన్నమాట.

ఈ విజయాన్ని తక్కువచేసి చూడవలసిన పనిలేదు. అయితే కాగితపు రిజిస్టరు స్థానంలో కంప్యూటరు వచ్చినప్పుడు అధికార కేంద్రం కూడా మారుతుందన్న సంగతిని విస్మరించరాదు. పూర్వం రిజిస్టరు ఉన్న బీరువా తాళం ఎవరి దగ్గర ఉన్నదో ఊరందరికీ తెలిసేది. చేతిరాత ఎవరిదో, సిరా ఎప్పటిదో అనుభవజ్ఞుడైన గుమాస్తా చూసి చెప్పగలిగేవాడు. నేడు ఆ తాళం స్థానంలో లాగిన్ పేరు, సంకేతపదం వచ్చాయి. చేతిరాత స్థానంలో లాగిన్ చరిత్ర వచ్చింది. ఏ పేరుతో, ఏ తేదీన, ఏ సమయంలో, ఏ కంప్యూటరు నుంచి లోపలికి ప్రవేశించారన్నది డేటాబేసులో ఒక పట్టికగా నిలుస్తుంది. వివాదం తలెత్తిన నాడు అధికారులు మొట్టమొదట అడిగేది ఆ పట్టికనే. దాన్ని ఎవరు రాస్తున్నారు, ఎవరు చూడగలరు, ఎవరు చెరపగలరు అన్న ప్రశ్నలు సాంకేతిక నిపుణులకు మాత్రమే సంబంధించినవి కావు. అవి చిన్న ఉద్యోగుల జీవనోపాధికి, రైతు రాబడికి, కార్డుదారు అన్నపు ముద్దకు సంబంధించినవి.

ఒక్క ఎకరం విలువ

ఛత్తీస్‌గఢ్‌లో ధాన్యం సేకరణ ఎంత పెద్ద వ్యవహారమో తెలిస్తే ఈ మాట అతిశయోక్తి కాదని బోధపడుతుంది. 2023-24 నుంచి ఎకరాకు 21 క్వింటాళ్ల వంతున, క్వింటాలుకు 3,100 రూపాయల చొప్పున రైతుకు ముట్టజెప్పే విధానం అమలులోకి వచ్చింది. 2024-25 సీజనులో 2,700కు పైగా కేంద్రాల ద్వారా 149 లక్షల టన్నులకు పైగా ధాన్యం సేకరించారు. పాతిక లక్షలకు పైగా రైతులు అమ్ముకున్నారు. రైతు నమోదు, సాగు విస్తీర్ణం, టోకెను, తూకం, చెల్లింపు అన్నీ కంప్యూటరు ద్వారానే జరుగుతాయి.

ఈ లెక్కనుబట్టి ఒక రైతు పేరిట రికార్డులో ఒక్క ఎకరం అదనంగా చేరితే దాని విలువ 65,100 రూపాయలు. ఒక్క ఎకరం తగ్గితే ఆ మేరకు రైతుకు నష్టం. ఆ మార్పు చేయడానికి కావలసింది ఒక లాగిన్, కొన్ని నిమిషాల సమయం మాత్రమే. సహకార సంఘంలోని కంప్యూటర్ ఆపరేటరు కొద్దిపాటి వేతనానికి పనిచేసే చిరుద్యోగి. సీజను ముమ్మరంగా సాగుతున్న రోజుల్లో రైతులు బారులు తీరి ఉంటారు, ఇంటర్నెట్ వస్తూ పోతూ ఉంటుంది, ఒకే సంకేతపదం ఇద్దరు ముగ్గురి నోట నానుతుంది. ఇది ఒక్క ఛత్తీస్‌గఢ్‌కే పరిమితమైన అలవాటు కాదు. దేశంలో ఏ మండల కార్యాలయానికి వెళ్లినా, ఏ బ్యాంకు శాఖకు వెళ్లినా అధికారి సంకేతపదం కింది ఉద్యోగికి తెలిసి ఉండడం బహిరంగ రహస్యమే.

రేపు ఒక సంఘంలో విస్తీర్ణం తారుమారైందని ఫిర్యాదు వచ్చిందనుకుందాం. విచారణాధికారి డేటాబేసును అడుగుతారు. ఫలానా ఆపరేటరు లాగిన్‌తో మార్పు జరిగిందని జవాబు వస్తుంది. ఆపరేటరు తాను చేయలేదంటారు. అబద్ధమాడనిది కంప్యూటరే కాబట్టి ఆపరేటరే అబద్ధమాడుతున్నారన్న నిర్ధారణకు రావడం అధికారులకు ఎంతో సులభం. కానీ అది న్యాయమేనా? ఆ పట్టిక నిజానికి ఏమి చెబుతుంది, ఏమి చెప్పదు అన్నది పరిశీలిస్తే తప్ప ఈ ప్రశ్నకు సమాధానం దొరకదు.

పట్టిక చెప్పేదెంత?

లాగిన్ చరిత్ర పట్టికలో ఒక్కొక్క వరుస ఒక్కొక్క ప్రవేశానికి గుర్తు. వినియోగదారు గుర్తింపు సంఖ్య, తేదీ, సమయం, ఏ ఐపీ చిరునామా నుంచి వచ్చారు, ప్రయత్నం ఫలించిందా విఫలమైందా అన్న వివరాలు అందులో ఉంటాయి. ఫలానా వినియోగదారు, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు, కొత్తవి ముందుగా వచ్చేలా చూపుము అని డేటాబేసును కోరితే క్షణాల్లో జాబితా తెరపైకి వస్తుంది. చూడడానికి ఇంతకన్న నమ్మదగిన సాక్ష్యం మరొకటి ఉండదనిపిస్తుంది. చిక్కంతా ఇక్కడే ఉన్నది.

మొదటిది, చాలా వ్యవస్థల్లో చరిత్రే ఉండదు. వినియోగదారు వివరాలకు ఎదురుగా 'చివరిసారి ప్రవేశించిన సమయం' అన్న ఒక్క గడి మాత్రం ఉంటుంది. కొత్తగా ప్రవేశించినప్పుడల్లా పాత సమయం చెరిగిపోయి ఆ స్థానంలో కొత్తది వచ్చి కూర్చుంటుంది. ఇది హాజరు పట్టీలో నిన్నటి సంతకంపైనే నేటి సంతకం పెట్టినట్లు ఉంటుంది. మూడు నెలల కిందటి ముచ్చట కావలసి వచ్చినప్పుడు దానివల్ల ప్రయోజనం శూన్యం. ప్రతి ప్రవేశానికీ వేరొక వరుస రాసే పట్టిక ఉంటేనే దాన్ని చరిత్ర అనవచ్చు.

రెండవది గడియారం. అనేక సర్వర్లు సమయాన్ని అంతర్జాతీయ ప్రామాణిక కాలమానంలో రాసుకొంటాయి. భారత కాలమానం దానికన్న అయిదున్నర గంటలు ముందుంటుంది. ఆపరేటరు ఉదయం 10.30 గంటలకు చేసిన పని పట్టికలో 5.00 గంటలకు జరిగినట్లు కనిపిస్తుంది. ఈ తేడాను గమనించని విచారణాధికారి 'తెల్లవారుజామున 5 గంటలకు కార్యాలయం తెరవవలసిన అవసరమేమొచ్చింది?' అని నిలదీయవచ్చు. అర్ధరాత్రి దాటాక 2 గంటలకు జరిగిన పని ముందురోజు తేదీన నమోదవుతుంది. ఒక రోజు తేడాతో దోషి నిర్దోషి కావచ్చు, నిర్దోషి దోషి కావచ్చు.

మూడవది చిరునామా. ఐపీ చిరునామా మనిషి చిరునామా కాదు. ఒక కార్యాలయంలోని పది కంప్యూటర్లు బయటి ప్రపంచానికి ఒకే చిరునామాతో కనిపించవచ్చు. సెల్‌ఫోను ఇంటర్నెట్ ద్వారా వచ్చేవారి విషయంలో వేలమందికి ఒకే చిరునామా ఉండడం పరిపాటి. అదే మనిషికి ఉదయం ఒక చిరునామా, సాయంత్రం మరొకటి ఉండవచ్చు.

నాల్గవది అన్నింటికన్న ముఖ్యమైనది. వెబ్‌సైటు ముంగిట నిలబడి సంకేతపదం చెప్పి లోపలికి వెళ్లేవారి వివరాలు మాత్రమే లాగిన్ పట్టికలో పడతాయి. డేటాబేసు నిర్వాహకులకు పెరటి తలుపు వేరే ఉంటుంది. వారు వెబ్‌సైటుతో నిమిత్తం లేకుండా నేరుగా పట్టికలను తెరవగలరు, సవరించగలరు. ప్రత్యేకమైన ఏర్పాటు చేయకపోతే లాగిన్ చరిత్రనే సవరించగలరు. వారి రాకపోకలు వేరొక చోట, వారి చేతికి అందని చోట నమోదు కాకపోతే, కంచే చేను మేసినా చెప్పే నాథుడు ఉండడు.

కనుక లాగిన్ పట్టిక చెప్పేది ఒక్కటే: ఆ సమయాన ఆ పేరుతో ఎవరో ప్రవేశించారని. ఆ ఎవరో ఎవరన్నది మనుషులు విచారించి తేల్చవలసిందే తప్ప కంప్యూటరు తేల్చేది కాదు.

బ్రిటన్ నేర్చుకొన్న చేదు పాఠం

ఇదంతా ఊహాగానమని కొట్టిపారేసేవారు బ్రిటన్ తపాలా శాఖ ఉదంతాన్ని తెలుసుకోవలసి ఉన్నది. అక్కడ 1999 నుంచి 'హొరైజన్' అనే కంప్యూటరు వ్యవస్థను పోస్టాఫీసుల్లో ప్రవేశపెట్టారు. జపాన్ సంస్థ ఫుజిట్సు దాన్ని నిర్వహించింది. లెక్కల్లో లోటు కనిపించడంతో ఊరూరా చిన్న పోస్టాఫీసులు నడిపే సబ్ పోస్ట్‌మాస్టర్లను దొంగలుగా జమకట్టారు. 1999 నుంచి 2015 వరకు 900 మందికి పైగా శిక్షలు పడ్డాయి. కొందరు జైలుకు వెళ్లారు. ఎందరో ఇల్లూ వాకిలీ అమ్ముకొన్నారు. కొందరు ప్రాణాలు తీసుకొన్నారు.

శాఖలోని పోస్ట్‌మాస్టరుకు తప్ప వేరెవరికీ ఆ శాఖ లెక్కల్లో వేలుపెట్టే వీలు లేదని తపాలా సంస్థ ఏళ్ల తరబడి వాదించింది. తీరా చూస్తే, పోస్ట్‌మాస్టర్లకు తెలియకుండానే ఫుజిట్సు సిబ్బంది దూరం నుంచి శాఖల లెక్కల్లోకి ప్రవేశించి మార్పులు చేయగలరని బయటపడింది. 2019 డిసెంబరులో లండన్ హైకోర్టు హొరైజన్ వ్యవస్థలో లోపాలున్నాయని తేల్చింది. 2021 ఏప్రిల్‌లో అప్పీలు కోర్టు ఒకేసారి 39 మంది శిక్షలను రద్దుచేసింది. 2024 మేలో బ్రిటిష్ పార్లమెంటు ప్రత్యేక చట్టం తెచ్చి ఇంగ్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లలో మిగిలిన వందలాదిమంది శిక్షలనూ మూకుమ్మడిగా కొట్టివేయవలసి వచ్చింది. కంప్యూటరు సరిగానే పనిచేస్తున్నదని ముందే భావించి, కాదని నిరూపించే బరువును నిందితుల నెత్తిన పెట్టిన న్యాయసూత్రం అంత అనర్థానికి దారితీసింది. నిర్వాహకుల రాకపోకల చిట్టాను మొదటి కేసులోనే కోర్టు ముందుంచి ఉంటే ఇన్ని కుటుంబాలు వీధిన పడేవి కావు.

స్వదేశంలో మరో కోణం

లాగిన్ చిట్టా అమాయకులను కాపాడడానికే కాదు, అసలు దోషులను పట్టుకోవడానికీ అంతే అవసరం. తెలుగువారు మరచిపోలేని సత్యం కంప్యూటర్స్ కుంభకోణమే అందుకు ఉదాహరణ. 2009 జనవరి 7న సంస్థ అధినేత రామలింగరాజు లేఖతో బయటపడిన ఆ వ్యవహారంలో, బిల్లులు తయారుచేసే కంప్యూటరు వ్యవస్థలో 'సూపర్ యూజర్' అనే ప్రత్యేక ప్రవేశ సదుపాయం ఉన్నట్లు దర్యాప్తులో తేలింది. ఆ సదుపాయంతో కొన్ని బిల్లులను సంబంధిత విభాగాలవారి కంటికి కనిపించకుండా దాచే వీలు కలిగింది. ఈ విధంగా దాచిన 7,561 బిల్లులను దర్యాప్తు అధికారులు డేటాబేసును గాలించి వెలికితీశారు. 2015 ఏప్రిల్ 9న హైదరాబాదులోని ప్రత్యేక న్యాయస్థానం 10 మందిని దోషులుగా ప్రకటించింది. కంటికి కనిపించకుండా చేసినది డేటాబేసులో మిగిలి ఉండబట్టే అది సాధ్యమైందన్న విషయం గమనార్హం.

2018 ఫిబ్రవరిలో వెలుగుచూసిన పంజాబ్ నేషనల్ బ్యాంకు ఉదంతం మరో పాఠం చెబుతుంది. ముంబయిలోని బ్రాడీ హౌస్ శాఖ నుంచి 'స్విఫ్ట్' వ్యవస్థ ద్వారా విదేశాల్లోని బ్యాంకు శాఖలకు హామీ సందేశాలు వెళ్లాయి. ఆ వ్యవస్థ బ్యాంకు ప్రధాన లెక్కల వ్యవస్థతో అనుసంధానమై లేదు. ఒకచోట ఎవరు ప్రవేశించి ఏమి పంపారన్నది మరోచోటి ఖాతాలతో సరిపోల్చి చూసిన నాథుడు లేడు. 13,000 కోట్ల రూపాయలకు పైబడిన నష్టం బయటపడేసరికి ఏళ్లు గడిచిపోయాయి. చిట్టా ఉన్నంత మాత్రాన చాలదు, చిట్టాను ఆవర్జాతో సరిచూసే మనిషి కూడా ఉండాలని పాతకాలపు షావుకార్లకు తెలిసిన సంగతిని ఆధునిక బ్యాంకు మరచిపోయింది.

రాయ్‌పూర్‌కే వస్తే, ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ అక్కడి నుంచి చేపట్టిన మహదేవ్ బెట్టింగు కేసు దేశమంతటా సంచలనం కలిగించింది. 2023 నవంబరు 5న కేంద్రం మహదేవ్ బుక్ సహా 22 అక్రమ బెట్టింగు యాప్‌లు, వెబ్‌సైట్లను నిరోధించింది. ఇటువంటి వ్యవహారాల్లో నగదు చేతులు మారే వీధి అంటూ ఉండదు. ఐడీలు, సంకేతపదాలు, వాటితో జరిగిన ప్రవేశాలు మాత్రమే ఉంటాయి. పోలీసు దర్యాప్తు ఇకమీదట పాదముద్రలకన్న లాగిన్ ముద్రలపైనే ఎక్కువగా ఆధారపడుతుందనడంలో సందేహం లేదు. అటువంటప్పుడు ఆ ముద్రల విశ్వసనీయత మరింత ముఖ్యమవుతుంది.

చట్టాలున్నాయి, సందులూ ఉన్నాయి

ఈ విషయమై దేశంలో చట్టాలు లేకపోలేదు. కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న జారీచేసిన ఆదేశాల ప్రకారం కంప్యూటరు వ్యవస్థల లాగ్‌లను 180 రోజులపాటు భద్రపరచాలి. సర్వర్ల గడియారాలను జాతీయ కాలమానంతో సరిచూసుకోవాలి. 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి 2025 నవంబరులో నిబంధనలు వెలువడ్డాయి. వ్యక్తిగత వివరాలను ఎవరు చూశారో తెలిపే లాగ్‌లను ఏడాదిపాటు నిలపాలని అవి చెబుతున్నాయి. ఆ బాధ్యత నిబంధనలు వెలువడిన 18 నెలల తరువాత అమలులోకి వచ్చేలా గడువు పెట్టారు. ఇతరుల సంకేతపదాన్ని మోసపూరితంగా వాడుకొంటే మూడేళ్ల వరకు జైలుశిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చునని ఐటి చట్టంలోని 66-సి సెక్షను పేర్కొంటున్నది.

సాక్ష్యం విషయంలోనూ కొంత మెరుగుదల వచ్చింది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షను ప్రకారం, కంప్యూటరు రికార్డును కోర్టుకు సమర్పించేటప్పుడు దానితోపాటు ధ్రువపత్రం జతచేయాలి. వ్యవస్థకు బాధ్యుడైన వ్యక్తితోపాటు నిపుణుడు కూడా సంతకం చేయాలి. రికార్డు మారలేదని తెలిపే 'హాష్' సంఖ్యను అందులో రాయాలి. పాత సాక్ష్య చట్టంలోని 65-బి సెక్షను కింద ఇటువంటి ధ్రువపత్రం తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2014లోను, తిరిగి 2020లోను స్పష్టం చేసింది.

అయితే కోర్టు గడప తొక్కిన తరువాతనే ఈ రక్షణలన్నీ వర్తిస్తాయి. సహకార సంఘం ఆపరేటరును పనిలోనుంచి తొలగించడానికి, దుకాణం నడిపే మహిళా బృందం అనుమతిని రద్దుచేయడానికి కోర్టు అవసరం లేదు. శాఖాపరమైన విచారణ చాలు. ఆ విచారణలో తెరపైనుంచి తీసిన ఒక అచ్చు కాగితాన్నే బ్రహ్మరాతగా స్వీకరిస్తే అడిగేవారు లేరు. పైగా 180 రోజుల గడువు వ్యవసాయ కాలచక్రంతో పొసగదు. నవంబరులో మొదలై జనవరితో ముగిసే ధాన్యం సేకరణపై ఆడిట్ అభ్యంతరం మరుసటి ఏడాది వచ్చిందనుకొంటే, అప్పటికి ఆ సీజను లాగ్‌లు ఉండి తీరాలన్న నిర్బంధం ఉండదు. నింద మిగిలి, నిర్దోషిత్వాన్ని నిరూపించే ఆధారం మాయమయ్యే స్థితి అది.

ఎవరి చిట్టా వారికి చూపాలి

దీనికి పరిష్కారం ఆకాశం నుంచి ఊడిపడవలసిన పనిలేదు. ఆధార్ వ్యవస్థలోనే ఒక నమూనా ఉన్నది. ఆధార్ సంఖ్య కలిగిన వ్యక్తి తన సంఖ్య ఎప్పుడెప్పుడు ధ్రువీకరణకు ఉపయోగపడిందో ప్రాధికార సంస్థ వెబ్‌సైటులో చూసుకోవచ్చు. గడచిన ఆరు నెలల కాలానికి గరిష్ఠంగా 50 వివరాలు కనిపిస్తాయి. తాను దుకాణానికి వెళ్లని రోజున తన పేరిట ధ్రువీకరణ జరిగిందని తెలిస్తే కార్డుదారు నిలదీయడానికి ఆధారం దొరుకుతుంది. బ్యాంకు ఖాతాదారులకు సైతం చివరిసారి ఎప్పుడు లాగిన్ అయ్యారో చూపే పద్ధతి ఉన్నది. ఖాతాదారుకు దక్కిన ఈ సౌకర్యం ప్రభుత్వ వ్యవస్థలో లాగిన్ కలిగిన ప్రతి చిరుద్యోగికీ దక్కాలి. సంఘం ఆపరేటరు, దుకాణం విక్రేత, పంచాయతీ కార్యదర్శి తమ పేరిట జరిగిన ప్రవేశాల జాబితాను తమంతట తాము, ఎవరి అనుమతీ అక్కరలేకుండా, భారత కాలమానంలో, తమకు తెలిసిన భాషలో చూసుకోగలగాలి. తాను రాని వేళ తన పేరున ఎవరో వచ్చారని ఆ రోజే తెలిస్తే ఆ రోజే ఫిర్యాదు చేయవచ్చు. ఏడాది తరువాత తెలిస్తే చేతులు కాలాక ఆకులు పట్టుకొన్నట్లే.

రెండవ అవసరం నిర్వాహకుల రాకపోకల నమోదు. డేటాబేసును నేరుగా తెరిచే అధికారం ఉన్నవారి ప్రతి చర్యా వేరొక సంస్థ అధీనంలోని సర్వరులో, ఒకసారి రాసిన తరువాత చెరపడానికి వీలులేని పద్ధతిలో పడాలి. రాసేవారు, కాపాడేవారు ఒకరే కారాదు. ఖజానా తాళపుచెవులు ఇద్దరి వద్ద ఉంచే ఆచారం ట్రెజరీలలో ఎప్పటినుంచో ఉన్నదే.

మూడవది, లాగిన్ ఆధారంగా మాత్రమే ఎవరినీ శిక్షించరాదన్న నియమం. పట్టికతోపాటు హాజరు, ఆ వేళ కార్యాలయంలో ఉన్నవారి వాంగ్మూలం, నిర్వాహకుల చిట్టా అన్నీ సరిచూడాలి. నిందితునికి ఆ వివరాల ప్రతిని ఇవ్వాలి. ఫిర్యాదు అందిన వెంటనే సంబంధిత లాగ్‌లను గడువుతో నిమిత్తం లేకుండా విచారణ ముగిసేదాకా భద్రపరచాలి.

ఈ సూచనలపై రెండు అభ్యంతరాలు రావచ్చు. ఖర్చు ఎక్కువవుతుందన్నది ఒకటి. లాగిన్ వరుస ఒక్కొక్కటి కొన్ని అక్షరాల నిడివి మాత్రమే. లక్షలాది వరుసలను నిలవ చేయడానికి పట్టే చోటు ఒక సినిమాకు పట్టే చోటుకన్న ఎక్కువేమీ కాదు. నిర్వహణకు, కాపలాకు అయ్యే ఖర్చు వేరే ఉంటుంది. అయినా వేల కోట్ల రూపాయల చెల్లింపులు జరిగే వ్యవస్థలో ఆ ఖర్చు సాకు కాజాలదు.

రెండవ అభ్యంతరం బరువైనది. లాగిన్ చరిత్ర కూడా వ్యక్తిగత సమాచారమే. ఒక మనిషి ఎప్పుడు నిద్రలేస్తాడో, ఏ ఊళ్లో ఉన్నాడో, ఏ రోజు పనికి రాలేదో అది చెప్పగలదు. పై అధికారి దాన్ని వేధింపులకు వాడుకోవచ్చు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ప్రకటించింది. 2018 సెప్టెంబరు 26 నాటి ఆధార్ తీర్పులో ధ్రువీకరణ వివరాలను అయిదేళ్లు నిలవ ఉంచే నిబంధనను కొట్టివేసి ఆరు నెలలకు పరిమితం చేసింది. పౌరుడి కదలికల చిట్టా ప్రభుత్వం చేతిలో కలకాలం ఉండరాదన్నదే ఆ తీర్పు ఆంతర్యం.

ఈ రెండింటి మధ్య వైరుధ్యం ఉన్నట్లు కనిపించినా నిజానికి లేదు. సరుకు తీసుకొనే పౌరుడి చిట్టా వేరు, ప్రభుత్వ అధికారాన్ని వినియోగించే ఉద్యోగి లేదా నిర్వాహకుని చిట్టా వేరు. మొదటిది వీలైనంత తక్కువకాలం, రెండవది ఆడిట్ ముగిసేదాకా ఉండాలి. ఇక వేధింపులకు విరుగుడు పట్టికను మూసిపెట్టడం కాదు. లాగిన్ చరిత్రను ఎవరు, ఎప్పుడు, ఏ కారణంతో అడిగారన్నది కూడా నమోదు చేసి, ఎవరి చరిత్రను చూశారో వారికి తెలియజేయడం. చూసేవాడిని కూడా చూసే కన్నొకటి ఉన్నదని తెలిస్తే అధికార దుర్వినియోగం చాలావరకు దానంతటదే తగ్గుతుంది. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె) క్లాజును సవరించి వ్యక్తిగత సమాచారానికి మినహాయింపును విస్తృతం చేసింది. విధినిర్వహణలో జరిగిన ప్రవేశాల చిట్టాను ఆ మినహాయింపు చాటున దాచిపెట్టే ధోరణి ప్రబలకుండా ఇప్పుడే స్పష్టత ఇవ్వడం అవసరం.

తెలుగు రాష్ట్రాలకూ ఇది పరాయి సమస్య కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1990 దశకం చివరలోనే రిజిస్ట్రేషన్ కార్యాలయాలను కంప్యూటరీకరించింది. తెలంగాణలో 2020 అక్టోబరు 29న ధరణి పోర్టల్ ప్రారంభమైంది. 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. పోర్టల్ పేరు మారినా, ప్రభుత్వం మారినా, ఒక సర్వే నంబరు ఎదుట పేరు మార్చిన లాగిన్ ఎవరిదన్న ప్రశ్న మారదు. భూమి పోగొట్టుకొన్న రైతుకు కావలసింది కొత్త పోర్టల్ కాదు, ఆ ప్రశ్నకు జవాబు.

చౌక దుకాణాల సంస్కరణలో రాయ్‌పూర్ ఒకనాడు దేశానికి దారి చూపింది. లారీ ఎప్పుడు కదిలిందో కార్డుదారుకు చెప్పవచ్చునని నిరూపించినది ఆ రాష్ట్రమే. లారీ కదలిక చెప్పగలిగిన వ్యవస్థకు లాగిన్ కదలిక చెప్పడం కష్టమేమీ కాదు. రాబోయే సేకరణ సీజను మొదలయ్యేలోగా ప్రతి కేంద్రంలోని ఆపరేటరుకు తన చిట్టా తాను చూసుకొనే సదుపాయం కల్పించి, నిర్వాహకుల చిట్టాను మరొకరి కాపలాలో పెడితే, నిజాయితీగా పనిచేసే వేలాదిమంది చిరుద్యోగులు రాత్రి నిశ్చింతగా నిద్రపోగలరు. ఛత్తీస్‌గఢ్ ఆ పని చేస్తే తెలుగు రాష్ట్రాలు అనుసరించాలి. అది జాప్యం చేస్తే తెలుగు రాష్ట్రాలే ముందడుగు వేయాలి.